7 గుణిజాల లెక్క: నాకు 56, మా అమ్మాయికి 57. తప్పెక్కడ?

ప్రశ్న (పదో తరగతి అమ్మ):
నిన్న రాత్రి మా అమ్మాయితో కలిసి శ్రేఢుల (ఒక క్రమంలో సాగే సంఖ్యల వరుసల) లెక్క ఒకటి చేశాను. 100కు, 500కు మధ్య 7తో భాగించబడే సంఖ్యలు ఎన్ని, వాటి మొత్తం ఎంత? తను నేరుగా 500లోంచి 100 తీసేసి, 7తో భాగించి 57 అని వేసేసింది. నేను మొదటిది 105, చివరిది 497 అని కనుక్కుని, తేడా 392ని 7తో భాగిస్తే 56 వచ్చింది. పుస్తకం వెనక చూస్తే 57! పద్ధతి నాదే సరైనదని అనిపిస్తోంది, జవాబేమో తనది. నేను ఇంటర్ ఎంపీసీ చదివి ఇరవై ఏళ్లయింది. "సూత్రం ఎందుకమ్మా, నాది దగ్గరి దారి" అంటోంది. పరీక్షలోనూ ఇలాగే రాస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (రిటైర్డ్ లెక్కల మాస్టారు):
అమ్మా, మీ దారే సరైనది. చివర ఒకటి కలపడం మరిచారు, అంతే. పందిరి రాటలు గుర్తు తెచ్చుకోండి. వరుసలో రాటల మధ్య ఖాళీలు 56 ఉంటే రాటలు 57. మీరు భాగించి కనుక్కున్నది ఖాళీలను. చివరి పదం సూత్రంలో ఏ + (ఎన్ − 1)డి అని ఉండేది అందుకే. ఏ అంటే మొదటి పదం, ఎన్ పదాల సంఖ్య, డి పక్కపక్క పదాల తేడా.

పాపకు 57 రావడం అదృష్టం. అదే లెక్క 104కు, 498కి మధ్య చేయమనండి. ఉన్నవి అవే సంఖ్యలు, 105 నుంచి 497 దాకా. తన దారిలో 394ని 7తో భాగిస్తే 56 వచ్చి 2 మిగులుతుంది. ఒక సంఖ్య జారిపోయింది! మీరు చెప్పకండి, తననే పట్టుకోనివ్వండి.

ఇక మొత్తం. మొదటిదీ చివరిదీ కలిపితే 602, అందులో సగం 301, దాన్ని 57తో గుణిస్తే 17,157. ఆద్యంతాలు కలిపి పదాల సంఖ్యలో సగంతో గుణించమని ఆర్యభటుడు ఆర్యభటీయం గణితపాదంలోనే చెప్పాడు. పాపకు ఇది తప్పక చెప్పండి.

జవాబు (ట్యూషన్ టీచర్):
గుణశ్రేఢి (ప్రతి పదాన్నీ ఒకే సంఖ్యతో, అంటే ఆర్‌తో, గుణిస్తూ పోయే వరుస) కూడా మొదలుపెట్టి ఉంటే ఒక మాట. మూడు సంఖ్యల మొత్తం 26, లబ్ధం 216 అని ఇస్తే పిల్లలు ఏ, ఏఆర్, ఏఆర్ స్క్వేర్ అని రాసి ఇరుక్కుంటారు. మధ్యదాన్ని ఏ అనుకోమనండి. ముందుది ఏ బై ఆర్, తర్వాతిది ఏఆర్. గుణిస్తే ఆర్‌లు కొట్టుకుపోయి ఏ క్యూబ్ 216, అంటే ఏ 6. మిగతా రెండింటి మొత్తం 20, లబ్ధం 36. అవి 2, 18.

పదో తరగతి అమ్మ:
మాస్టారూ, 104, 498 ఇచ్చాను. 56 వేసింది. నమ్మలేక 105, 112, 119 అంటూ చివరిదాకా రాసి లెక్కపెట్టింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే అడిగింది: అంకశ్రేఢిలో (ఒకే తేడాతో సాగే వరుసలో) నాలుగు సంఖ్యలైతే మధ్యది ఉండదు కదా, ఏ ఎక్కడ పెట్టాలి?

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
భలే అడిగింది! నడిమి ఖాళీలో పెట్టాలి. ఏ − 3డి, ఏ − డి, ఏ + డి, ఏ + 3డి. ఇక్కడ పదాంతరం, అంటే పక్కపక్క పదాల తేడా, 2డి, డి కాదు. చాలామంది మార్కు పోగొట్టుకునేది ఇక్కడే. నాలుగింటి మొత్తం 32, మొదటి, చివరి సంఖ్యల లబ్ధం 28 అని ఇవ్వండి. పాపకు ఏం వచ్చిందో ఇక్కడ రాయండమ్మా.