రెషెన్ పాస్ నుంచి బొల్జానో: సామానుతో ఆడిజె నది సైకిల్ దారి

ప్రశ్న: ఇటలీలో ఈ దారి తొక్కాలనుకుంటున్నా. వెనక క్యారియర్ మీద 15 కిలోలు. ఎటు నుంచి ఎటు మేలు? 32 మి.మీ. టైర్లు చాలా?

జవాబు 1: పైనుంచి కిందికే అండి. పాస్ (కొండ కనుమ) 1,500 మీటర్ల ఎత్తున, బొల్జానోకి ముందొచ్చే మెరానో ఊరు 325 దగ్గర. మధ్యలో సుమారు 80 కి.మీ. వాలు మాత్రం సమంగా ఉండదు. పాస్ దగ్గరి సరస్సులు దాటాక మాల్స్ ఊరి దాకా, మళ్లీ మెరానో ముందు టెల్ ఊరి దగ్గర బాగా దిగుతుంది. అక్కడ బ్రేకు అదిమిపట్టే ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు పోతుంది. గట్టిగా పట్టి, వదిలి, మళ్లీ పట్టండి.

జవాబు 2: దిగుడే కదా అని ఆలస్యంగా బయల్దేరకండి. మెరానో తర్వాత 30 కి.మీ. దాదాపు చదును. ఎండ కాస్తే లోయ వేడెక్కి, మధ్యాహ్నం నుంచి గాలి కిందినుంచి పైకి, అంటే సరిగ్గా మీ మొహానికే కొడుతుంది. ఆ ముక్క పొద్దున్నే ముగించేయండి.

జవాబు 3: 32 నడుస్తుంది, చాలావరకు తారే. కానీ అక్కడక్కడ కంకర, పైగా బరువంతా వెనకే. నేనైతే వెనక 38 వేస్తా. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య 6 మి.మీ. ఖాళీ ఉందో లేదో ముందే కొలవండి, లేదంటే రాయి ఇరుక్కుంటుంది.

జవాబు 1: అలసిపోతే మాల్స్–మెరానో రైలుంది. సీజన్లో సైకిల్‌కి చోటు దొరుకుతుందన్న భరోసా పెట్టుకోకండి.