దూరవిద్యలో పీహెచ్‌డీ, చేతిలో థీసిస్ లేని ఎంఏ: కొత్త సభ్యురాలి ప్రశ్న, జవాబులు

ప్రశ్న (స్టుట్‌గార్ట్ నుంచి)

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి డిపెండెంట్ వీసా మీద ఈమధ్యే వచ్చాను. మూడేళ్ల బీకాం తర్వాత ఉస్మానియా దూరవిద్యా కేంద్రంలో ఎంఏ ఎకనామిక్స్ చేశాను, 62 శాతం. ఎంఏలో థీసిస్ లేదు. తక్కువ ఫీజుతో, ఇంటి నుంచే చేసుకునే పీహెచ్‌డీ కావాలి. థీసిస్ లేకుండా ఎవరైనా అడ్మిషన్ ఇస్తారా? తర్వాత హైదరాబాద్ తిరిగొచ్చి డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరాలని ఉంది. వివరాలు తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు (తార్నాక నుంచి)

అమ్మా, మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. థీసిస్ రాయకుండా పీహెచ్‌డీ వస్తుందా అంటే రాదు. ఎంఏలో థీసిస్ రాయనివాళ్లకు పీహెచ్‌డీ సీటు వస్తుందా అంటే వస్తుంది, ఆ లోటును వేరే విధంగా పూడ్చి చూపిస్తే. బ్రిటన్‌లో ప్రచురణల ఆధారంగా ఇచ్చే పీహెచ్‌డీ ఉంది. దాన్ని చూపించి థీసిస్ అక్కర్లేదని చెప్పేవాళ్లను నమ్మకండి. అచ్చయిన వ్యాసాలన్నిటినీ ఒక వాదనగా కలుపుతూ పెద్ద వ్యాఖ్య రాయాలి, ఆపైన వైవా ఉంటుంది. చాలా చోట్ల తమ సిబ్బందికి, పూర్వ విద్యార్థులకే ఇస్తారు. అమెరికా ఎడ్‌డీలలో (విద్యారంగంలో ఇచ్చే డాక్టరేట్లు) థీసిస్ బదులు క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు, అంటే చివర్లో చేసే ఆచరణాత్మక ప్రాజెక్టు, పెట్టినవి ఉన్నాయి. అవి వృత్తి డాక్టరేట్లు, పైగా ఫీజు మీరనుకునే బడ్జెట్‌లో ఉండదు.

ముందు మీ సీఎంఎం (అన్ని పేపర్ల మార్కులున్న మెమో) బయటికి తీసి పేపర్ల వరస చూడండి. ప్రాజెక్ట్ వర్క్, ఫీల్డ్ స్టడీ, రీసెర్చ్ మెథడాలజీ, వీటిలో ఏ ఒక్కటి మార్కులతో కనిపించినా ఆ ఏడాది సిలబస్ కాపీ మీద డిపార్ట్‌మెంట్ ముద్ర వేయించుకోండి. ఎంసీఏ, ఎంటెక్, ఎంబీఏ వాళ్లు చాలామంది "మాకు థీసిస్ లేదు" అంటారు గానీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు రిపోర్టు ఇంట్లో అటక మీద ఉంటుంది. గైడ్, హెచ్‌ఓడీ సంతకాలున్న సర్టిఫికెట్ పేజీ, మెమోలో ప్రాజెక్టు మార్కులు, రిపోర్టు పీడీఎఫ్, ఈ మూడూ కలిపి పెడితే విదేశీ కమిటీలు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. మీ ఎంఏలో అలాంటిదేమీ లేకపోతే 6,000 నుంచి 8,000 మాటల్లో, నిజమైన డేటా మీద ఒక పరిశోధనా వ్యాసం ఇప్పుడే రాయడం మొదలుపెట్టండి. అచ్చు కాకపోయినా పర్వాలేదు, పరిశోధన చేయగలరని చూపించే నమూనా అదే అవుతుంది. డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే జర్నల్లో వేస్తే మాత్రం ఉన్న పరువూ పోతుంది.

జవాబు (ప్రిటోరియా నుంచి)

తక్కువ ఖర్చు, దూరవిద్య అన్నారు కాబట్టి యునిసా (యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆఫ్రికా) పేరు తప్పకుండా చెప్పాలి. 1873లో మొదలైన ప్రభుత్వ విశ్వవిద్యాలయం, 1946 నుంచి దూరవిద్య నడుపుతోంది, అనుమానించాల్సిన పని లేదు. చేరేముందు సాకా అనే దక్షిణాఫ్రికా ప్రభుత్వ సంస్థతో మీ డిగ్రీలను మూల్యాంకనం చేయించాలి. మీ ఎంఏ అక్కడి తొమ్మిదో స్థాయికి, అంటే అక్కడి మాస్టర్స్‌కు, సమానమని రావాలి. మీకు చిక్కు వచ్చేది ఇక్కడే. థీసిస్ లేని ఎంఏ ఒక్కోసారి ఎనిమిదో స్థాయి దగ్గర ఆగిపోవచ్చు. అలా వస్తే ముందు మాస్టర్స్ స్థాయిలో డిజర్టేషన్ (పరిశోధనా గ్రంథం) చేసి రమ్మంటారు. అందుకని సాకా కాగితం చేతికొచ్చాకే యునిసా అప్లికేషన్ ఫీజు కట్టండి.

అప్లికేషన్ విండో కొద్దికాలమే తెరిచి ఉంటుంది. డిపార్ట్‌మెంట్ ప్రకటించిన పరిశోధనాంశాల్లోంచి ఒకటి ఎంచుకుని దానికి తగ్గ ఔట్‌లైన్ పంపాలి. మనకు నచ్చిన టాపిక్ పంపితే, అది ఎంత బాగున్నా, ఆ పని చూసే గైడ్ లేడని తిప్పి పంపేస్తారు. మొదటి ఏడాది రీసెర్చ్ ప్రపోజల్ మాడ్యూల్‌లోనే గడుస్తుంది. అది పాసైతేనే థీసిస్ రిజిస్ట్రేషన్. దేశం బయట ఉండేవాళ్ల మీద విదేశీ లెవీ కూడా పడుతుంది, ఖర్చు లెక్కలో కలుపుకోండి.

జవాబు (వలెన్సియా నుంచి)

యునిసా కంటే స్పెయిన్ నయం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో డాక్టరేట్‌కు ఏటా కట్టేదాన్ని తుతేలా అంటారు, సాధారణంగా కొన్ని వందల యూరోలే. 1972లో పెట్టిన యునెడ్ వాళ్ల జాతీయ దూరవిద్యా విశ్వవిద్యాలయం. నియమాలు 2011 నాటి డిక్రీలో ఉన్నాయి. డిగ్రీ, మాస్టర్స్ కలిపి 300 ఈసీటీఎస్ (యూరప్ అంతటా వాడే చదువు కొలత) క్రెడిట్లు, అందులో కనీసం 60 మాస్టర్స్ స్థాయిలో ఉండాలి. ఏడాదికి 60 లెక్కన మీ 3+2 సరిగ్గా 300 అవుతుంది. మాస్టర్స్‌లో పరిశోధన భాగం లేకపోతే అడ్మిషన్ ఆపేయాల్సిన పని లేదు, "కాంప్లెమెంతోస్" పేరుతో అదనపు కోర్సులు చేయిస్తారు. థీసిస్ లేనివాళ్లకు ఇంత రాతపూర్వకంగా దారి చూపించే దేశాలు తక్కువ.

2023 సవరణ తర్వాత ఫుల్‌టైమ్‌కు 4 ఏళ్లు, పార్ట్‌టైమ్‌కు 7 ఏళ్లు. ఏటా పరిశోధనా ప్రణాళికను సమీక్షిస్తారు. ఒకసారి నెగెటివ్ వస్తే ఆరు నెలల్లో మళ్లీ చూస్తారు, రెండోసారీ నెగెటివ్ వస్తే ప్రోగ్రాం నుంచి తీసేస్తారు. థీసిస్ డిపాజిట్, పట్టా జారీ ఫీజులు వేరు. థీసిస్ ఇంగ్లీషులో రాయనిస్తారా లేదా అన్నది ప్రోగ్రాంను బట్టి ఉంటుంది, గైడ్‌ను ముందే అడగాలి.

వీళ్లు అడిగే ఒక కాగితం మనవాళ్లకు తట్టదు: "ఈ డిగ్రీ జారీ చేసిన దేశంలో డాక్టరేట్‌లో చేరడానికి అర్హత ఇస్తుంది" అనే ధ్రువపత్రం. ఉస్మానియా నుంచి అది రావడానికి టైం పడుతుంది, ఇవాళే అడగండి.

జవాబు (హైడెల్‌బెర్గ్ నుంచి)

అందరూ దూరవిద్య చుట్టూనే తిరుగుతున్నారు. ఆమె ఉండేది స్టుట్‌గార్ట్‌లో! డిపెండెంట్ పర్మిట్ మీద చదువుకోవచ్చు, స్టూడెంట్ వీసా అక్కర్లేదు. మామూలు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసర్ గైడ్‌గా ఒప్పుకుంటే వ్యక్తిగత డాక్టరేట్ కింద చేరొచ్చు. ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ చందా ఒక్కటే. బాడెన్-వ్యుర్టెంబర్గ్‌లో యూరప్ బయటివాళ్ల నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారని విని భయపడకండి, అది బ్యాచిలర్స్, మాస్టర్స్‌కే, డాక్టరేట్‌కు లేదు. దూరవిద్యే కావాలంటే 1974లో పెట్టిన హేగెన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది, కానీ అక్కడ నడిచేది ఎక్కువగా జర్మన్‌లోనే.

అసలు అడ్డంకి మార్కులు. జర్మన్లు బవేరియన్ ఫార్ములాతో మార్చుకుంటారు: గరిష్ఠ మార్కుల్లోంచి మన మార్కులు తీసేసి, ఆ వచ్చినదాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలపాలి. 100 గరిష్ఠం, 40 పాస్ అనుకుంటే 62కు 38ని 60తో భాగించి 3తో గుణిస్తే 1.9, ఒకటి కలిపితే 2.9. చాలా ఫ్యాకల్టీలు 2.5 లేదా అంతకంటే మంచి గ్రేడు అడుగుతాయి. అంటే మన 70 శాతం. ఫస్ట్ క్లాస్ ఉంది కదా అని ధీమాగా అప్లై చేసినవాళ్లు ఇక్కడే వెనక్కొస్తారు. మినహాయింపు ఉంటుంది, కొన్ని కోర్సులు పాసవ్వాలనే షరతుతో తీసుకుంటారు. ఆ నియమం ఆ ఫ్యాకల్టీ డాక్టరేట్ నిబంధనావళిలో రాసి ఉంటుంది. ప్రొఫెసర్‌కు మెయిల్ చేయడానికి ముందు అది చదవండి. విదేశీ విశ్వవిద్యాలయాల గుర్తింపు చూపించే జర్మన్ డేటాబేస్ అనాబిన్‌లో మీ విశ్వవిద్యాలయం హెచ్ ప్లస్‌గా, అంటే గుర్తింపు ఉన్నదిగా, ఉందో లేదో కూడా చూసుకోండి.

జవాబు (కూకట్‌పల్లి నుంచి)

అక్కా, ఏజెంట్ల సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. అమీర్‌పేట వైపు ఒక కన్సల్టెన్సీ చేతిలో ఒక ప్రైవేట్ కాలేజీ లెక్చరర్ ఆగమైన తీరు వినండి. "యూరప్ యూనివర్సిటీ, థీసిస్ లేదు, మూడు పేపర్లు చాలు, 18 నెలల్లో డాక్టర్" అన్నరు. మొదట రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత గైడ్ ఫీజు, ఆ తర్వాత పేపర్లు వేయించే ఫీజు, చివరికి కాన్వొకేషన్ గౌను ఫీజు. ప్రతిసారీ "ఇదే ఆఖరుది" అన్నరు. రసీదులన్నీ కన్సల్టెన్సీ పేరు మీదనే, యూనివర్సిటీ పేరు మీద ఒక్కటీ లేదు. గైడ్ ఎవరని అడిగితే వాట్సాప్ నంబర్ ఇచ్చిన్రు. పట్టా వచ్చినంక ప్రమోషన్ కోసం కాలేజీలో పెడితే వాళ్లు వెరిఫికేషన్‌కు రాసిన్రు. జవాబు ఉచిత మెయిల్ ఐడీ నుంచి వచ్చింది. ఆ దేశ విద్యాశాఖ జాబితాలో చూస్తే అసలు ఆ పేరే లేదు, కంపెనీగా రిజిస్టర్ అయిన సంస్థ అది. పైసలు పోయినై, ప్రమోషన్ ఆగింది, సర్వీస్ ఫైల్లో నకిలీ పట్టా పెట్టిన మచ్చ పడ్డది.

డబ్బు కట్టకముందే ఆ దేశ ప్రభుత్వ జాబితాలో విశ్వవిద్యాలయం పేరు వెతకాలె. గైడ్ పేరు విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో ఉండాలె, మెయిల్ ఆ డొమైన్ నుంచే రావాలె. ఫీజు విశ్వవిద్యాలయ ఖాతాకే పోవాలె. 2022 అక్టోబర్ 28న మన ఉన్నత విద్యను, సాంకేతిక విద్యను నియంత్రించే యూజీసీ, ఏఐసీటీఈ కలిసి నోటీసే ఇచ్చినై: ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువులు అమ్మే) కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదు అని.

జవాబు (వలెన్సియా నుంచి)

అది ఏజెంట్ల మోసం. యునెడ్ లాంటి అసలైన విశ్వవిద్యాలయానికి ఆ నోటీసు వర్తించదు. మన దగ్గర కూడా పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉంది కదా, అదీ ఇంటి నుంచి చేసేదే.

జవాబు (తార్నాక నుంచి)

పార్ట్‌టైమ్ వేరు, దూరవిద్య వేరు, దయచేసి ఈ రెండింటినీ కలపకండి. 2022 నవంబర్ నాటి యూజీసీ నిబంధనలు పార్ట్‌టైమ్‌ను అనుమతిస్తాయి: పనిచేసేచోటు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు, ప్రవేశ పరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 వెయిటేజీ, పీజీలో 55 శాతం, రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు. దూరవిద్య, ఆన్‌లైన్ పీహెచ్‌డీకి మాత్రం అనుమతి లేదు. విదేశీ పట్టాల సంగతికొస్తే, వాటికి మన డిగ్రీలతో సమానత్వం చూసే ఏఐయూ (భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం) ఎప్పటినుంచో క్యాంపస్‌లో రెగ్యులర్‌గా చదివి ఉండాలనే అంటూ వచ్చింది. 2025లో వచ్చిన యూజీసీ సమానత్వ నిబంధనలు కూడా ప్రత్యక్ష బోధననే అడుగుతాయి. యునెడ్ ఎంత గొప్పదైనా దూరవిద్య కింద చేరితే హైదరాబాద్‌లో సమానత్వ పత్రం దగ్గర ఆగిపోతారు. హైడెల్‌బెర్గ్ ఆయన చెప్పినట్టు ఇంటికి దగ్గరి విశ్వవిద్యాలయంలో చేరడమే మేలు. అక్కడే ఉన్నారనడానికి రెసిడెన్స్ పర్మిట్, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్లు ప్రతి సెమిస్టర్‌వీ దాచుకోండి.

ఇంకో మాట. లెక్చరర్ ఉద్యోగమే లక్ష్యమైతే పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. 2023లో యూజీసీ సవరించింది, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ (జాతీయ అర్హత పరీక్ష), సెట్ లేదా స్లెట్ (రాష్ట్ర స్థాయివి) కనీస అర్హత. తెలంగాణ సెట్‌ను ఉస్మానియానే నిర్వహిస్తుంది. సెలవుల్లో హైదరాబాద్ వచ్చినప్పుడు అది రాసి పెట్టుకోవచ్చు. పీహెచ్‌డీ మీద నిజంగా మనసుంటే చేయండి, ఉద్యోగం కోసమే అయితే సెట్ ముందు.

జవాబు (హైడెల్‌బెర్గ్ నుంచి)

ప్రొఫెసర్‌కు రాసే మెయిల్ గురించి. "నాకు మైక్రోఫైనాన్స్ మీద ఆసక్తి" అని రాస్తే తెరవరు. ప్రశ్న ఉండాలి. ఉదాహరణకు: "2010 అక్టోబర్ మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ కుటుంబాలు సంస్థల అప్పు నుంచి వడ్డీ వ్యాపారుల వైపు మళ్లాయా?" దీనికి 2003, 2013, 2019 అఖిల భారత రుణ, పెట్టుబడి సర్వేల కుటుంబ స్థాయి డేటా చాలు. ఊరూరా తిరగక్కర్లేదు, స్టుట్‌గార్ట్‌లో కూర్చుని చేయొచ్చు. ఆ ప్రొఫెసర్ రాసిన రెండు వ్యాసాలు చదివి, మీ ప్రశ్న వాటికి ఎక్కడ అతుకుతుందో రెండు వాక్యాల్లో చెప్పండి. మెయిల్ 200 మాటలు దాటకూడదు. రెండు పేజీల సీవీ, ఒక పేజీ ఔట్‌లైన్ జతచేయండి, పూర్తి ప్రపోజల్ అడిగాకే పంపండి. ఒకే మెయిల్ ఇరవై మందికి పంపితే ఒకే విభాగంలో ఇద్దరు మాట్లాడుకున్నప్పుడు దొరికిపోతారు. మూడు వారాలకు జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి ఊరుకోండి.

జవాబు (కూకట్‌పల్లి నుంచి)

కాగితాలకు వస్తే, అక్కా, అందరూ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేటట్టు మన కాగితం మీద వేసే ప్రభుత్వ ముద్ర) చేయించుకోమంటరు. భారత్ అపోస్టిల్ మీద జర్మనీ అభ్యంతరం పెట్టింది, అక్కడ అది చెల్లదు. జర్మనీ కోసం అపోస్టిల్ అని పైసలు అడిగే ఏజెంట్‌కు ఇవ్వకండి, ఫ్యాకల్టీ ఏ రకం సర్టిఫైడ్ కాపీ అడుగుతుందో మెయిల్‌లో రాయించుకోండి. స్పెయిన్, దక్షిణాఫ్రికాలకైతే పనికొస్తది. ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ. శాఖ ఫీజు కాగితానికి 50 రూపాయలే, మిగతాది ఏజెన్సీ ఛార్జీ. ప్రొవిజనల్ మీద కాదు, ఒరిజినల్ డిగ్రీ మీద చేయించాలె. కాన్వొకేషన్ పట్టా తీసుకోకపోతే ముందు దానికి అప్లై చేయండి.

ట్రాన్‌స్క్రిప్ట్‌లు (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పట్టికలు) కనీసం మూడు సీల్డ్ కవర్లలో అడగండి, ఇంట్లోవాళ్లు తీసుకునేటట్టుంటే ఆథరైజేషన్ లెటర్, మీ పాస్‌పోర్ట్ కాపీ వాళ్ల చేతికి ఇవ్వండి. దూరవిద్య డిగ్రీ కాబట్టి మీరు చేరిన ఏడాదికి ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా బ్యూరో గుర్తింపు ఉన్నట్టు లెటర్ కాపీ కూడా తెప్పించండి. మీ పేరు టెన్త్ మెమోలో, పాస్‌పోర్ట్‌లో ఒక్కతీరుగా లేకపోతే అది ముందు సరిచేయించండి. ఇంటి పేరు ముందో వెనకో ఉన్నందుకే ఫైళ్లు నెలల తరబడి ఆగుతున్నయి.