నిమ్మతోటలో కుక్కని ఏదో కుట్టింది, పెదవి ఉబ్బిపోయింది. ఏం చేయాలి?

ప్రశ్న (పొదలకూరు):
నిమ్మచెట్లు పూత మీదున్నాయి, తోటంతా తేనెటీగలే. మా నాటుకుక్క 14 కిలోలుంటుంది. పాదుల్లో తిరిగొచ్చేసరికి పైపెదవి ఒక పక్క ఉబ్బి, మూతి నేలకేసి రుద్దుకుంటా ఉంది. అరగంటైంది. ఇంట్లో సున్నం పూయమంటున్నారు. పూయొచ్చా? మనం వేసుకునే సిట్రజిన్ వేయొచ్చా?

జవాబు 1:
సున్నం వద్దన్నా. మూతి మీద పూస్తే నిమిషంలో నాకేస్తాది, నాలుక పొక్కిపోద్ది. ఉల్లిపాయ రుద్దడమూ వద్దు, కడుపులోకి పోతే కుక్కలకి రక్తకణాలు దెబ్బతింటాయి.

ముందు ముల్లు చూడండి. వెలుతురులో కూర్చోబెట్టి బొచ్చు పాయ తీస్తే వాపు నడుమ నల్లటి నలుసు, దాని కొసన చిన్న తిత్తి కనిపిస్తాయి. ఈగ పోయినా ఆ తిత్తి కొట్టుకుంటా విషం దించుతుంది. మీకు అరగంట దాటింది కాబట్టి దిగాల్సింది దిగిపోయుంటుంది, అయినా తీసేయండి, లేకుంటే పుండవుతుంది. ఏటీఎం కార్డు అంచుతోనో గోటితోనో పక్కకి గీరేస్తే చాలు. తర్వాత ఐసు గుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టండి. కందిరీగైతే ముల్లు వదలదు, వెతికినా దొరకదు.

జవాబు 2:
సిట్రజిన్ వేయొచ్చు. కిలోకి 1 మి.గ్రా. మించకుండా, రోజుకొకసారి. మీ కుక్కకి 10 మి.గ్రా. మాత్ర ఒకటి. కిడ్నీ జబ్బున్న కుక్కకైతే డాక్టర్ని అడక్కుండా వద్దు. అట్ట వెనక చదవండి, ఉత్త సిట్రజినే ఉండాలి. పారాసెటమాల్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మాత్రలు ప్రమాదం. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ అసలు ముట్టుకోవద్దు. వాంతులవుతుంటే నోట్లో ఏమీ వేయొద్దు.

జవాబు 3:
అందరూ వాపు చూసి హడలిపోతారు గానీ చూడాల్సింది చిగుళ్ళు. పెదవెత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగుకి రావాలి. నల్ల చిగుళ్ళైతే కింది కనురెప్ప లోపల రంగు చూడండి. చిగుళ్ళు పాలిపోయి, వాంతి, నీళ్ళ విరేచనం, తూలడం మొదలైతే, మూతి వాచకపోయినా సరే, అది ఒళ్ళంతా పాకిన అలర్జీ. కుక్కల్లో ఆ దెబ్బ కాలేయం, పేగుల మీద పడుతుంది. దానికి ఎడ్రినలిన్ సూది, సెలైన్ కావాలి, మాత్రతో ఆగదు. నాలుక మీదో గొంతులోనో కుట్టి గురకలా చప్పుడొచ్చినా అంతే, వెంటనే ఆసుపత్రికి.

తేనెపట్టు కదిలి పదుల ఈగలు కుడితే మాత్రం, కుక్క హుషారుగా ఉన్నా మూడు రోజులు మూత్రం గమనించాలి. డికాషన్ రంగులో వస్తే రక్తకణాలు పగిలినట్టు.

ప్రశ్న అడిగినవారు:
చిగుళ్ళు బాగానే ఉన్నాయి. ముల్లు లేదు. పక్కపక్కనే రెండు చుక్కలున్నాయి.

జవాబు 3:
అట్లయితే ఇంట్లో కూర్చోవద్దు. రక్తపింజర కాటైతే చుక్కల్లోంచి రక్తం ఊరుతుంది, వాపు మెడ దాకా పాకుతుంది, చెయ్యి వేయనివ్వదు. ఇప్పుడు అవేవీ లేకపోయినా పామే అనుకుని బయల్దేరండి. ఐసు తీసేయండి. కట్టు కట్టొద్దు, కోయొద్దు. నడిపించకుండా ఎత్తుకుని బండెక్కించండి. వాపు అంచున పసుపు బొట్టు పెట్టండి, దారిలో అది దాటుతుందో లేదో తెలుస్తుంది. ముందే పశువుల ఆసుపత్రికి ఫోన్ చేసి పాముకాటు సూది ఉందా అని అడగండి. లేదంటే అక్కడ ఆగకుండా నేరుగా నెల్లూరు పోండి.