ఈడీఎం కాళ్లకు, రాక్ మనసుకు: ఈ మాట నిజమేనా?

గచ్చిబౌలి గిటార్:
మొన్న శనివారం ఫ్రెండ్స్ ఒక ఈడీఎం (ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్) డీజే షోకి లాక్కెళ్లారు. మూడు గంటలు గెంతాను, ఒప్పుకుంటా. కానీ క్యాబ్ ఎక్కేసరికి ఒక్క ట్యూన్ గుర్తు లేదు. అదే బీటెక్‌లో బ్యాక్‌లాగ్స్ టెన్షన్‌తో హాస్టల్ గదిలో విన్న రాక్ పాటలు పదిహేనేళ్ల తర్వాత కూడా మాటలతో సహా నోటికొస్తాయి. గిటార్ తీగ వంచితే మనిషి ఏడ్చినట్టే ఉంటుంది. మాటలు లేకపోతే మనసుకు పట్టదు. ఈడీఎం కాళ్లకు పని చెప్తుంది, అంతే. కాదనేవాళ్లు చెప్పండి.

ఉప్పల్ బేస్:
అన్నా, గుర్తుండకపోతే తప్పేంటి? పోయిన పెళ్లిలో తిన్న బిర్యానీ రుచి ఇప్పుడు చెప్పగలవా? ఆ రోజు రెండు ప్లేట్లు లాగించావు కదా!
ఈడీఎంలో ఒక రకమైన హౌస్ మ్యూజిక్ నిమిషానికి 120 నుంచి 130 బీట్ల మధ్య నడుస్తుంది, ప్రతి బీట్‌కీ కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) పడుతుంది. రాక్‌లో నాలుగు బీట్ల వరసలో స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) దెబ్బ రెండో బీట్ మీద, నాలుగో బీట్ మీద పడుతుంది. హౌస్‌లో అడుగెక్కడ వేయాలో ఆలోచించే పనే లేదు. తర్వాత బిల్డప్. కిక్ ఆపేస్తారు, స్నేర్ చిక్కబడుతుంది, వెయ్యిమంది ఊపిరి బిగబడతారు. అప్పుడు డ్రాప్, అంటే ఆపిన కిక్, బేస్ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ ఊపిరి బిగబట్టడం మనసు కాదా?
ఇంకోటి. 2022లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ల ప్రయోగం బయటికొచ్చింది. ఒక ఎలక్ట్రానిక్ షో నడుస్తుండగానే, చెవికి అందీ అందనంత లో ఫ్రీక్వెన్సీ స్పీకర్లను రెండున్నర నిమిషాలకోసారి ఆన్, ఆఫ్ చేశారు. ఆన్‌లో ఉన్నప్పుడు జనం సుమారు 12 శాతం ఎక్కువ కదిలారు. తేడా మాత్రం చెవితో పట్టలేకపోయారు.

గచ్చిబౌలి గిటార్:
నేనన్నదీ అదే కదా తమ్ముడూ! నాకు తెలియకుండానే నా కాళ్లు ఆడుతున్నాయి. రాక్ అలా కాదు, కోపాన్ని పైకి తెచ్చి కడుగుతుంది. 2015లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్లు 39 మంది మెటల్ (రాక్‌లోనే బాగా గట్టిగా మోగే రకం) అభిమానులకు కావాలని కోపం తెప్పించి, తర్వాత కొందరిని తమకిష్టమైన పాటలు వినమన్నారు. కోపం పెరగలేదు, తగ్గింది. ఉత్సాహం వచ్చింది.

మలక్‌పేట్ మేడ మీద:
గిటార్ గారూ, సగమే చెప్పారు. మిగతావాళ్లను ఏమీ వినకుండా ఊరికే కూర్చోబెట్టారు. వాళ్లకీ కోపం తగ్గింది. పైగా అందరూ ముందు నుంచీ మెటల్ వినేవాళ్లే. మా అత్తగారికి మెటల్ పెట్టి చూడండి, బీపీ ఎంతొస్తుందో.
నాకైతే జానర్ కంటే ఎవరు పెట్టారన్నదే లెక్క. నిమజ్జనం రోజు లారీ వెనక ఆడేవాడికి ఆ బేస్ పూనకం. మేడ మీద కిటికీ అద్దాలు వణుకుతుంటే మందులేసుకుని పడుకున్న మనిషికి అదే నరకం. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారంటే ఊరికే అన్లేదు. రాక్ బ్యాండ్‌ని లారీ ఎక్కించినా నేను ఇదే అంటాను.

ఉప్పల్ బేస్:
అక్కా, డెసిబెల్స్ గొడవ వేరే థ్రెడ్‌లో పెట్టుకుందాం. అక్కడ నేను మీ పార్టీనే.

తీన్మార్ మనవడు:
మాటలు లేకపోతే మనసుకు పట్టదంటున్నరు కదా, నా మాట వినుర్రి. మా తాత డప్పు కొట్టేటోడు. మంటకు కాస్తే తోలు బిగుస్తది, మోత ఎక్కుతది. అది కూడా కాళ్లకే అంటారు, బరాత్‌ల నిలబడ్డోడు కూడా ఊగుతడు. ఆ డప్పే మా చిన్నాయన సావుకు మోగింది. దెబ్బ మారింది, నడక మారింది. పాట లేదు, ఒక్క మాట లేదు. వాకిట్ల మా నాయన గోడకు ఆనుకుని కూలబడ్డడు.

గచ్చిబౌలి గిటార్:
డప్పు సంగతి ఒప్పుకున్నా అన్నా, దానికి జవాబు లేదు నా దగ్గర. కానీ అది కొట్టేవాడికి ఆ ఇల్లు తెలుసు, పోయినాయన తెలుసు. డీజేకి నేనెవరో తెలియదు. శనివారం అంతమందిలో కంటతడి పెట్టినవాడు ఒక్కడు కనపడలేదు నాకు.

ఉప్పల్ బేస్:
నువ్వు ముందు వరసలో ఉన్నావన్నా. వెనక సౌండ్ కన్సోల్ పక్కన ఒకడున్నాడు. పేరు చెప్పను, ఉప్పల్‌లో ఉంటాడు.