ఆకాశం అతికిస్తే అది మోడల్ ఫోటోనే అంటారా?

పానగల్లు పైలట్ (నల్గొండ):
అందరికీ నమస్తే. పోయిన ఆదివారం పొద్దున్నే ఉదయ సముద్రం కట్ట మీద నా 1/72 మిగ్-21 మోడల్ని (అసలు యుద్ధవిమానంలో 72వ వంతు సైజు) పెట్టి ఫోన్‌తో తీసిన ఫోటో ఇక్కడ వేశాను. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వైమానిక దళం ఆ విమానానికి వీడ్కోలు చెప్పిన రోజు మొదలుపెట్టిన కిట్టు అది. ఫోటోలో వెనక రెండు కరెంటు స్తంభాలు, ఒక బర్రె పడ్డాయి. వాటిని చెరిపేశాను. ఆకాశం తెల్లగా పోయిందని యాప్‌లో మబ్బులు పెట్టాను. లైకులు బాగానే వచ్చాయి గానీ, "ఇది ఫోటో కాదు, బొమ్మ గీసినవ్" అని ఒకరు మెసేజ్ పెట్టారు. అసలు విమానంలా కనిపించాలంటే ఎంతవరకు మార్చొచ్చంటారు?

గడియారం సెంటర్ (నల్గొండ):
ఆ మెసేజ్ పెట్టింది నేనే తమ్మీ, దాచేదేముంది. నీ ఫోటో పెద్దది చేసి చూడు. మబ్బులకు వెలుగు కుడివైపు నుంచి తగులుతోంది. నీ మిగ్ రెక్క నీడేమో కుడివైపే పడింది, అంటే ఎండ ఎడమ నుంచి. నల్గొండలో ఆ రోజు ఇద్దరు సూర్యుళ్లు పొడిచారా? నెలలు కూర్చుని ఎమెరీ పేపర్‌తో అతుకులు రుద్దినవాడివి, ఒక మంచి ఆకాశం కోసం ఇంకో ఆదివారం ఆగలేకపోయావా? నా లెక్క ఒక్కటే: లెన్స్ ముందు లేనిది ఫోటోలోకి రాకూడదు. వెలుగు తగ్గించుకో, పెంచుకో, ఫోకస్ స్టాకింగ్ చేసుకో, నాకేం అభ్యంతరం లేదు.

పాలమూరు ప్లాస్టిక్ (మహబూబ్‌నగర్):
అన్నా, ఇదెక్కడి న్యాయం? స్టాకింగ్ అంటే ఏంటి? ముక్కు మీద ఒక ఫోకస్, కాక్‌పిట్ మీద ఒకటి, తోక మీద ఒకటి, ఇట్లా పది ఫోటోలు తీస్తే, సాఫ్ట్‌వేర్ వాటిలో స్పష్టంగా ఉన్న ముక్కలన్నీ ఏరి ఒక్కటి చేస్తుంది. ఆ ఫోటోను ఏ లెన్సూ చూడలేదు. అది మీకు ఓకే, తమ్ముడి మబ్బు మాత్రం తప్పు!

నా దగ్గర 1/72 డకోటా (పాత రవాణా విమానం) ఉంది, రెక్కల కొస నుంచి కొసకు 40 సెంటీమీటర్లు. దాన్ని గాలం దారంతో వేలాడదీసి, హెయిర్ డ్రయ్యర్‌తో ప్రొపెల్లర్లు తిప్పుతూ షట్టర్ 1/30 సెకను పెట్టి తీస్తా. ప్రొపెల్లర్ల మసక నిజమైనదే. కానీ దారం చెరపకపోతే అది ఎగిరే విమానం కాదు, దండెం మీద ఆరేసిన విమానం.

ఫిజిక్స్ సార్ (మిర్యాలగూడ, రిటైర్డ్):
మీ ఇద్దరి గొడవ తర్వాత. ఆ ఫోటోలో మబ్బులు తీసేసినా అది బొమ్మలాగే ఉంటుంది బాబూ. ఎందుకో చెప్తా. నువ్వు నిలబడి, కిందికి వంచి తీశావు. మనిషి కన్ను నేలకు సుమారు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 72తో భాగిస్తే 2.2 సెంటీమీటర్లు. లెన్స్ ఆ ఎత్తులో ఉండాలి. ఫోన్ తలకిందులు చేసి నేలకు ఆనించు, లెన్స్ దాదాపు అక్కడికే వస్తుంది.

రెండోది దూరం. దగ్గరి వస్తువుల కోసం వాడే మ్యాక్రో మోడ్‌లో 10 సెంటీమీటర్ల నుంచి తీసినట్టున్నావు. అంటే అసలు మిగ్‌కు 7 మీటర్ల దూరంలో నిలబడ్డట్టు. అందుకే ముక్కు ఉబ్బి తోక సన్నబడింది. 42 సెంటీమీటర్ల దూరానికి వెనక్కి జరిగితే 30 మీటర్ల దూరం నుంచి చూసినట్టుంటుంది. తర్వాత క్రాప్ చేసుకో.

ఎండ సంగతి మాత్రం నాకు భలే ముచ్చటగా ఉంటుంది. నేలకు 2 మీటర్ల ఎత్తున్న అసలు రెక్క నీడ అంచు, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, దాదాపు 2 సెంటీమీటర్లు మసకగా ఉంటుంది, సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు కాబట్టి. 2.8 సెంటీమీటర్ల ఎత్తున్న మోడల్ రెక్కకు ఆ మసక పావు మిల్లీమీటరు. 72తో గుణించండి, మళ్లీ దాదాపు 2 సెంటీమీటర్లే. సూర్యుడు ఏ స్కేల్‌కైనా సరిపోతాడు. టేబుల్ ల్యాంప్ అట్లా కాదు. అడుగు దూరంలో పెడితే అది మోడల్ లోకంలో 22 మీటర్ల దూరంలో వెలిగే ఫ్లడ్‌లైట్.

అయితే గాలి స్కేల్ తగ్గదు. వంద మీటర్ల అవతలున్న విమానానికీ మనకూ మధ్య ఉండే దుమ్ము, ఆవిరి అంతా 1.4 మీటర్ల గాలిలో ఉండవు కదా. అందుకే మోడల్ రంగులు మరీ ముదురుగా కనిపిస్తాయి. ఆ పలుచని తెలుపును కంప్యూటర్‌లో కలిపితే నా దృష్టిలో తప్పు లేదు.

గడియారం సెంటర్:
సార్, గౌరవంతోనే చెప్తున్నా, ఆ తెలుపు బ్రష్‌లోనే కలపొచ్చు. నేను నల్లరంగు ఎప్పుడూ నేరుగా సీసాలోంచి వాడను, బూడిదరంగు కలుపుతా. ప్యానెల్ గీతలకూ, అంటే విమానం రేకులు కలిసే చోట ఉండే గీతలకూ అదే సంగతి. 0.2 మిల్లీమీటర్ల గీత అంటే అసలు విమానం మీద 14 మిల్లీమీటర్ల సందు. అందులో నల్లగా వాష్ (పలుచని రంగు) నింపితే ఏ ఎడిటింగూ కాపాడదు.

జడ్చర్ల జెట్:
మీరంతా ఎట్లా తీయాలో మాట్లాడుతున్నారు, కింద ఏం రాయాలో ఎవరూ అనట్లేదు. పోయినేడు నా 1/48 చేతక్‌ను మక్కచేను గట్టు మీద పెట్టి తీశాను. ఒక్క యాప్ వాడలేదు. గడియారం అన్న లెక్కలో పత్తిత్తు ఫోటో. స్టేటస్‌లో పెడితే సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో "మన ఊర్లో మిలిటరీ హెలికాప్టర్ దిగింది" అని తిరిగింది. మా బావమరిది ఫోన్ చేసి, భూములు తీసుకోవడానికి వచ్చారా అని అడిగిండు. ఒకటే టెన్షన్.

ఇది కొత్తేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాలిలో పోట్లాడుకుంటున్న విమానాల ఫోటోలని 1930ల్లో కొన్ని బయటికొచ్చాయి. ఎంతోమంది నమ్మారు. అవి వెస్లీ ఆర్చర్ అనే మాజీ పైలట్ మోడల్స్‌తో తయారుచేసినవని 1984లో గానీ స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్లు తేల్చలేదు. నన్నడిగితే మబ్బులు పెట్టుకో, దారం చెరుపుకో, కింద మాత్రం "1/72 మోడల్" అని రాయి.

పాలమూరు ప్లాస్టిక్:
రాయడం వరకు ఒప్పుకుంటా. ఫోటో మీదే రాయమంటే మాత్రం ఒప్పుకోను.

జడ్చర్ల జెట్:
ఫార్వర్డ్ చేసేటోడు కింద రాసింది కూడా పంపుతాడా అన్నా? మా బావమరిదిని అడుగు.

పానగల్లు పైలట్:
ఈ పొద్దున ఆరు గంటలకు మళ్లీ వెళ్లాను. ఫోన్ తలకిందులు, 42 సెంటీమీటర్లు టేపుతో కొలిచి మరీ. స్తంభాలు తప్పించుకోవడానికి కట్ట మీద నలభై అడుగులు నడవాల్సి వచ్చింది, అంతే. వెనక నీళ్లు, ఆ పైన మామూలు ఆకాశం, మబ్బు లేదు. సార్ చెప్పినట్టు నీడ అంచు చూసి నాకే ఒళ్లు జలదరించింది. ఏ యాప్ వాడలేదు, కింద "1/72 మోడల్" అని రాశాను.

ఒక్కటే సమస్య. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే ముందు చక్రం పక్కన చీమ ఉంది. 5 మిల్లీమీటర్లు అనుకున్నా, ఆ స్కేల్‌లో 36 సెంటీమీటర్లు, పిల్లి అంత. చెరపమంటారా?

పాలమూరు ప్లాస్టిక్:
గడియారం అన్నా, మీరే చెప్పండి. లెన్స్ ముందు ఉన్నదే కదా.

గడియారం సెంటర్:
లేనిది పెట్టొద్దన్నా గానీ, ఉన్నది తీయొద్దని నేనెప్పుడన్నా?

పాలమూరు ప్లాస్టిక్:
అంటే బర్రె విషయంలో తమ్ముడు కరెక్టే అన్నమాట.