ఎరువుకి పరిమితి పెడితే నష్టం రైతుకేనా? మీ అనుభవాలు చెప్పండి

మెట్టరైతు:
మొక్కజొన్న వేస్తాను. ఈ పంట నుంచి నత్రజని ఇంతకి మించి వెయ్యకూడదు, వేసినదానికి లెక్క చూపించాలి అంటున్నారు. తగ్గించినవాళ్లకి దిగుబడి ఎంత పడింది? లెక్కల పుస్తకం ఎలా రాస్తున్నారు? ఇస్తామన్న సాయం నిజంగా చేతికి అందిందా?

నీలిబోరు:
దిగుబడి సంగతి నేను చెప్పలేను. మా ఇంటి బోరు నీళ్లలో నైట్రేట్ లీటరుకి 82 మిల్లీగ్రాములని రిపోర్టు వచ్చింది. ఇంట్లో నాలుగు నెలల మనవరాలుంది. ఆ రోజు దాకా డబ్బా పాలు ఆ నీళ్లతోనే కలిపాం. గ్లాసులో పోసి చూస్తే తేటగా ఉన్నాయి, రుచిలోనూ తేడా లేదు. పొలాల్లో వేసిన నత్రజనే నైట్రేట్‌గా మారి బోర్లలోకి దిగుతుందట. చుట్టూ పొలాలన్నీ మా మరుదులవే. ఎవర్ని అనను?

పాడిగట్టు:
కాచి చల్లార్చి వాడితే సరిపోతుంది కదండీ. ఏది జరిగినా రైతు మీదకే తోసేస్తున్నారు.

పరీక్షనాళిక:
దయచేసి కాచి పట్టకండి! నైట్రేట్ కాస్తే పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు పిల్లల్లో రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలం తిరిగే ప్రమాదం ఉంది. పదకొండేళ్లుగా నీళ్ల పరీక్షలే నా పని, తెలిసే చెబుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి 50. అమ్మా, పాపకి వెంటనే వేరే నీళ్లు వాడండి. ఇంట్లో ఆర్వో ఉంటే నైట్రేట్ చాలావరకు తగ్గుతుంది, కానీ ఆ నీళ్లు కూడా పరీక్షించాకే పాపకి పట్టండి.

లెక్కపక్కా:
50 ఏంటండీ? అమెరికాలో పరిమితి 10. ఐదు రెట్లు తేడా! పసిపిల్లల విషయంలో తప్పుడు సమాచారం ఇవ్వకండి.

పరీక్షనాళిక:
ఆ 10 నైట్రేట్‌లో ఉన్న నత్రజని ఒక్కదాని బరువు. నా 50 మొత్తం నైట్రేట్ బరువు. 10ని 4.43తో గుణించండి, 44 వస్తుంది. తప్పుడు సమాచారం అన్న మాట వెనక్కి తీసుకోండి.

లెక్కపక్కా:
తీసుకుంటాను. కానీ నాకు ఎందుకు మండిందో వినండి. నా రిపోర్టులో 12 అని ఉంది. 50 లోపే కదా అని రెండేళ్లు తాగాం. ‘నైట్రేట్-నైట్రోజన్’ అని కింద చిన్న అక్షరాల్లో ఉన్న సంగతి మొన్న చూశాను. అంటే 53! ఒక్కడైనా నోరు తెరిచి చెప్పలేదు.

పరీక్షనాళిక:
అది మా వృత్తి తప్పే. రిపోర్టు మీద రెండు అంకెలూ పక్కపక్కన రాయాలి.

పాడిగట్టు:
కాచే విషయం నాకు తెలియక అన్నాను, క్షమించండి. నా బాధ వేరు. యూరప్‌లో 1991 నాటి చట్టం ప్రకారం నైట్రేట్ ముప్పున్న ప్రాంతాల్లో పశువుల ఎరువు నుంచి హెక్టారుకి ఏడాదికి 170 కిలోల నత్రజని దాటకూడదు. అలాంటి నియమమే మాకూ పెట్టారు, వానాకాలం పేడనీళ్లు చల్లొద్దన్నారు. నా తొట్టి రెండు నెలలకే నిండుతుంది. పెద్ద తొట్టికి సాయం ఇస్తామన్నారు, గడువు దాటిన నాలుగు నెలలకి ఇచ్చారు. అప్పటికే అప్పు చేసి కట్టేశాను.

పాతఅధికారి:
ముప్పై ఏళ్లు ఈ రంగంలోనే ఉన్నాను. డెన్మార్క్ చూడండి. 1987లో మొదలుపెట్టి ఇంచుమించు రెండు దశాబ్దాల్లో నేల నుంచి కారిపోయే నత్రజనిని దాదాపు సగానికి తెచ్చారు. గట్టిగా నిలబడితే అవుతుంది.

మెట్టరైతు:
సార్, అక్కడే పంటకి కావలసినదానికన్నా తక్కువ వెయ్యమంటే గోధుమలో ప్రొటీన్ పడిపోయింది. 2016లో సడలించారు. ఆ సగం కథ కూడా చెప్పండి. 2021లో శ్రీలంకలో ఒక్కసారిగా రసాయన ఎరువులు ఆపేశారు, వరి దెబ్బతింది, అదే ఏడాది వెనక్కి తగ్గారు.

పాతఅధికారి:
పూర్తిగా నిషేధించడం వేరు, మోతాదుకి హద్దు పెట్టడం వేరు. రెండూ కలపకండి.

చెరువుగట్టు:
అందరూ నత్రజని దగ్గరే ఆగిపోయారు. భాస్వరం సంగతో? 2014 ఆగస్టులో అమెరికాలోని టొలెడోలో నాచు విషం వల్ల లక్షలమందిని కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. ఆ ఊరికి నీళ్లొచ్చే ఈరీ సరస్సులోకి పొలాల నుంచి చేరే భాస్వరంతో నాచు పెరగడమే పెద్ద కారణం. ఆ విషం కూడా కాస్తే పోదు. మా చెరువు ఆకుపచ్చ పెయింటు పోసినట్టు అయింది, చేపలు తెల్లగా తేలాయి. ఎరువు చెరువులోకి కారకుండా గట్టు వెంట పది అడుగులు గడ్డి వదిలెయ్యమంటే ఒక్కరూ వినడం లేదు.

పాడిగట్టు:
ఆ పది అడుగులకీ శిస్తు కట్టేది నేనేగా అన్నా. వదిలిన నేలకి ఏటా ఎంతో కొంత ఇస్తే రేపే వదులుతాను.

నాలుగుసాళ్లు:
మొదటి ప్రశ్నకి నేను చెబుతాను. చేను మధ్య నాలుగు సాళ్లకి మాత్రం పూర్తి మోతాదు వేస్తాను. మిగతా చేనంతా తక్కువతో మొదలుపెట్టి దఫాలుగా వేస్తాను. ఆ నాలుగు సాళ్ల ఆకుతో పోల్చితే మిగతాది పాలిపోయి కనిపిస్తేనే మూడో దఫా. మొదటి ఏడాది దిగుబడి కొంచెం పడింది, తర్వాత పడలేదు. యూరియా పావువంతు మిగిలింది. బోరు నీళ్లు మాత్రం ఇంకా మారలేదు. పైనుంచి కిందికి దిగడానికే ఏళ్లు పడుతుంది.

నీలిబోరు:
మారకపోయినా మొదలుపెట్టారు. మా మరుదులకి ఇది చదివి వినిపిస్తాను. పాపకి బయటి నుంచి నీళ్లు తెస్తున్నాం.

మెట్టరైతు:
లెక్కల పుస్తకం సంగతి ఎవరూ చెప్పలేదు. రేపు తనిఖీకి వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. మీలో ఒకరి పేజీ ఫోటో పెట్టండి.

నాలుగుసాళ్లు:
పెడుతున్నాను తమ్ముడూ. తేదీ, మడి, ఎరువు పేరు, ఎన్ని కిలోలు, ఆ రోజు వాన పడిందా లేదా. బస్తా రసీదు పక్కనే అంటించు.