తాతయ్య వేలిముద్రలు పడట్లేదు, పని మానమంటే వినట్లేదు

గోదారి కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది పశ్చిమ గోదావరి, తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. మా తాతయ్య 1963లో ఆర్మీలో చేరి, మద్రాస్ సాపర్స్‌లో (ఆర్మీ ఇంజనీరింగ్ దళం) పనిచేసి, 1981లో నాయక్ ర్యాంకుతో బయటికొచ్చారు. 65, 71 రెండు యుద్ధాలూ చూశారు. వచ్చాక ఊరికే కూర్చోలేదు, మెయిన్ రోడ్డు మీద మోటార్ వైండింగ్ షాపు పెట్టారు. చుట్టుపక్కల పొలాల్లో కాలిపోయిన మోటార్లు ఇప్పటికీ ఆయన దగ్గరికే వస్తాయి. పొద్దున్నే టీ తాగి వెళ్తే మళ్ళీ మధ్యాహ్నం భోజనానికే రావడం.

ఇప్పుడు సమస్య ఏంటంటే లైఫ్ సర్టిఫికెట్, అదే, బతికే ఉన్నామని పెన్షన్ కోసం ఏటా ఇచ్చేది. రాగి తీగ, వార్నిష్‌తో ఇన్నేళ్ళు పనిచేసి వేళ్ళు నున్నగా అయిపోయాయి, మిషన్ మీద ఏ వేలు పెట్టినా తీసుకోవట్లేదు. బొటనవేలు కడిగి, తుడిచి, నిమ్మకాయ రుద్ది కూడా చూశాం. పెన్షన్ ఆగిపోతుందేమోనని మామ్మకి టెన్షన్. ఇంకోటి, ఆధార్‌లో పుట్టిన సంవత్సరం 1947 అని ఉంది, ఆర్మీ కాగితాల్లో 1945 జులై. అసలు వయసు ఆధార్‌లోదేనట. అప్పుడు పదహారేళ్ళ కుర్రాడు పద్దెనిమిది అని చెప్పి చేరిపోయారు, 62 చైనా యుద్ధం తర్వాత జనాన్ని బాగా తీసుకుంటున్న రోజులు కదా, ఎవరూ గట్టిగా అడగలేదంటారు.

ఈ గొడవంతా చూసి మా బాబాయి "ఇంక షాపు మూసేయండి నాన్నా" అంటున్నారు. తాతయ్య ఆయనతో మాట్లాడ్డమే మానేశారు. నేను హైదరాబాద్‌లో ఉంటా, ఫోన్‌లో ఇద్దరి మాటా వినాల్సి వస్తోంది. ముందు పెన్షన్ సంగతి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పని మానిపించాలా వద్దా అనేది కూడా.

మాజీ సిగ్నల్స్ హవల్దార్:
తమ్ముడూ, ముందు కంగారు తగ్గించుకోండి. వేలిముద్ర పడకపోతే ముఖంతో చేయొచ్చు, 2021 నుంచి ఉంది. ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్, దాంతోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకుని, వెలుతురు బాగా ఉన్న చోట కూర్చోబెట్టి, కళ్ళు ఆర్పమన్నప్పుడు ఆర్పితే చాలు. మా బ్యాచ్‌లో వ్యవసాయం చేసేవాళ్ళు, తాపీ పనివాళ్ళు అందరిదీ ఇదే బాధ, అందరం ఇలాగే చేసుకుంటున్నాం. పెన్షన్ స్పర్శ్‌లోకి (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) మారి ఉంటే పెన్షన్ ఇచ్చే సంస్థ దగ్గర బ్యాంకు పేరు కాదు, స్పర్శ్ ఎంచుకోవాలి, చాలామంది అక్కడ తప్పు చేసి మళ్ళీ మొదటికొస్తారు.

వయసు విషయంలో ఆర్మీ రికార్డులో ఏముంటే అదే లెక్క. దాన్ని మార్చమని తిరిగితే ఏళ్ళు పడుతుంది, పైగా మీకే నష్టం. పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) చూపించి ఆధార్‌నే దానికి సరిపోయేలా మార్పించండి. ఎందుకు చెప్తున్నానంటే, రికార్డు ప్రకారం ఆయనకి 2025 జులైకి ఎనభై నిండాయి. ఎనభై నిండిన నెల మొదటి తారీఖు నుంచి బేసిక్ పెన్షన్ మీద 20 శాతం అదనంగా రావాలి. 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళకి నూరు శాతం. ఖాతాలో పడుతోందా లేదా చూడండి. ఓరాప్ (ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్) సవరణ కూడా 2024 జులై నుంచి వర్తించేది ఉంది, అదీ కలిసిందో లేదో స్లిప్‌లో కనిపిస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. మీ మామ్మ గారి పేరు, పుట్టిన తేదీ పీపీఓలో సరిగ్గా ఉన్నాయా? అప్పటి క్లర్కులు మన పేర్లు విని తమకి తోచినట్టు రాసేవాళ్ళు. తాతగారు ఉండగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి, వాళ్ళ ద్వారా బెంగళూరు రికార్డ్ ఆఫీసుకి పంపించండి. ఆయన తర్వాత ఈ పని పడితే ఆవిడ ఒక్కరూ తిరగలేరు. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు కూడా లేకపోతే చేయించండి, 1996కి ముందు రిటైరైనవాళ్ళు చందా కట్టక్కర్లేదు.

లంక పిల్ల:
పెన్షన్ గురించి ఆయన చెప్పేశారు కాబట్టి నేను రెండోదే మాట్లాడతా. మా నాన్న ఆర్మీ నుంచి వచ్చి ఒక గోడౌన్‌లో సెక్యూరిటీగా చేసేవారు. కాళ్ళ నొప్పులు అంటున్నారని మేమే గొడవపడి మాన్పించాం. ఆర్నెల్లు తిరక్కుండానే మనిషి టీవీ ముందు కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా అయిపోయారు, పొద్దున లేవడానికే ఆయనకి పని లేకుండా పోయింది. మీ బాబాయి గారి ప్రేమ అర్థమవుతుంది, కానీ ఒప్పించలేరు, ఒప్పించినా బాగుండదు.

ఏఈ రిటైర్డ్:
అమ్మా, గోడౌన్ కాపలా వేరు, త్రీ ఫేజ్ కరెంటు వేరు. నేను విద్యుత్ శాఖలో చేశాను. ఎనభై ఏళ్ళాయన చెయ్యి కొంచెం వణికినా, తడి నేల మీద స్టార్టర్ మూత తీసినా చాలు. సెంటిమెంటు పక్కన పెట్టి, కనీసం టెస్టింగ్ మాత్రం ఇంకొకరితో చేయించండి. కూర్చుని కాయిల్ చుట్టుకోవడంలో ప్రమాదం లేదు. రోటర్ లేపడం, బేరింగ్ పీకడం, లైన్ ఇచ్చి చూడడం ఆయన చేయకూడదు.

గోదారి కుర్రాడు:
అందరికీ థాంక్స్. ఫేస్ పద్ధతిలో రెండోసారికి అయిపోయింది, మొదటిసారి తాతయ్య కళ్ళు ఆర్పకుండా అటెన్షన్‌లో కూర్చున్నారు. 20 శాతం మాత్రం పడట్లేదు హవల్దార్ గారూ, మీరు చెప్పకపోతే మాకసలు తెలిసేదే కాదు. మామ్మ పుట్టిన తేదీ గడి ఖాళీగానే ఉంది, ఇంటిపేరు తప్పు. సోమవారం బాబాయే తీసుకెళ్తానన్నారు.

ఏఈ గారు చెప్పిన టెస్టింగ్ మాట మెల్లగా ఎత్తాను. అప్పుడు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. 71లో ఈయన షకర్‌గఢ్ వైపు ఉన్నారట, బసంతర్ నది దగ్గర ట్యాంకులకి దారి చేయడానికి మందుపాతరలు తీసే పని. యుద్ధం డిసెంబరు 3న మొదలై 17కి ఆగిపోయిందని అందరూ అనుకుంటారు, మా పని అప్పుడు మొదలైంది అన్నారు. మనవాళ్ళు సరిహద్దు పొలాల్లో పాతినవి నెలల తరబడి చేత్తో తీశారట, రైతులు గట్టు మీద నిలబడి ఎప్పుడు దున్నుకోవచ్చని అడిగేవాళ్ళట. "అవి తీసిన చేతులురా, మోటారు నన్నేం చేస్తుంది" అని కోప్పడ్డారు. నాకేం అనాలో తెలియలేదు.

ఏఈ రిటైర్డ్:
ఆయన మీద గౌరవంతోనే చెప్తున్నా, అప్పుడు ఆ చేతులకి పాతికేళ్ళు. మందుపాతర తీసేటప్పుడు కూడా ఒకడు తీస్తే వెనక ఇంకొకడు ఉంటాడు కదా. షాపులో ఒక ఐటీఐ కుర్రాడిని పెట్టి, పని నేర్పండి తాతగారూ అని అడగండి. సాయానికని చెప్తే ఒప్పుకోరు.

మాజీ సిగ్నల్స్ హవల్దార్:
ఏఈ గారి మాట బాగుంది. సోమవారం వెళ్ళేటప్పుడు డిశ్చార్జ్ బుక్, పాత పీపీఓ, ఇద్దరి ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, జాయింట్ ఫోటో ఒరిజినల్స్‌తో పాటు రెండేసి జిరాక్సులు పట్టుకెళ్ళండి. పదకొండు లోపు వెళ్తే మంచిది. ఊళ్ళో పెన్షన్ రాని పాత సైనికులు, అంటే పదిహేనేళ్ళు నిండకుండా వచ్చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళనీ తీసుకెళ్ళండి. 65 ఏళ్ళు దాటి ఏ ఆదాయం లేని హవల్దార్ ర్యాంకు వరకు వాళ్ళకి కేంద్రీయ సైనిక్ బోర్డు నెలకి 4,000 ఇచ్చేది, 2025 నవంబరు నుంచి పెట్టుకునే దరఖాస్తులకి 8,000 చేశారు. మీ జిల్లాలో అలాంటివాళ్ళు తప్పకుండా ఉంటారు.

గోదారి కుర్రాడు:
ఒకాయన ఉన్నారండీ, తాతయ్య షాపులోనే కూర్చుని పేపర్ చదువుతుంటారు. ఆయన దగ్గర డిశ్చార్జ్ బుక్ తడిసి సగం చిరిగిపోయింది, నంబరు మాత్రం కనిపిస్తోంది. అది సరిపోతుందా?

మాజీ సిగ్నల్స్ హవల్దార్:
నంబరు ఉంటే చాలు, మిగతాది రికార్డ్ ఆఫీసు తీస్తుంది. తీసుకెళ్ళండి.